పక్కవాడి వాయిదా గురించి అడిగే హక్కు

సంపాదకులకు నమస్కారాలు.

ఒకరి మీద నడుస్తున్న క్రిమినల్ కేసు ఏళ్ల తరబడి కదలడం లేదని, ఆ కేసులో ఫిర్యాదీ గాని, ముద్దాయి గాని, సాక్షి గాని కాని మూడో మనిషి పైకోర్టుకు వెళ్లవచ్చునా, వెళ్తే ఆ కోర్టు వినవచ్చునా అన్న ప్రశ్న తరచుగా చర్చకు వస్తోంది. మన రెండు రాష్ట్రాల్లో ఈ ప్రశ్న లేచినప్పుడల్లా ఎవరో ఒక నాయకుడి మీది కేసుల చుట్టూనే తిరుగుతుంది. ఆ నాయకుడంటే గిట్టనివారు వినితీరాలంటారు, ఆయన మనుషులు ‘మధ్యలో నువ్వెవరు’ అంటారు. నేను ఈ ఉత్తరం రాస్తున్నది నాయకుల గురించి కాదు. ఉమ్మడి రాష్ట్రంలోనూ, విభజన తర్వాత కొన్నాళ్లూ మెజిస్ట్రేటు కోర్టుల్లో బెంచి గుమాస్తాగా పనిచేసి, వేల కేసుల కట్టల మీద వాయిదా తేదీలు నా చేత్తో రాసి పదవీ విరమణ చేసినవాణ్ణి. విచారణ ఆలస్యం కావడమంటే ఏమిటో న్యాయమూర్తి కుర్చీ పక్కన కూర్చుని చూశాను. ఆ చూసిన దాన్ని బట్టి, చదివిన తీర్పులను బట్టి, నాకు గట్టిగా అనిపించిన మాట చెప్పడానికే ఇది రాస్తున్నాను.

ముందుగా ఒక కేసు చెబుతాను. కోర్టు పేరు, ఊరి పేరు అవసరం లేదు. పొలాల్లో మోటారు స్టార్టరు, రాగి తీగ పోయాయని పెట్టిన కేసు. పట్టుబడినవాడు ఒడిశా నుంచి ఇటుక బట్టీ పనికి వచ్చిన కుర్రవాడు. అప్పటి శిక్షాస్మృతిలో దొంగతనానికి వర్తించే సెక్షను 379, గరిష్ఠ శిక్ష మూడేళ్లు. చార్జిషీటు గడువు దాటితే బెయిలు వచ్చేది, పోలీసులు గడువులోపే వేశారు కనుక ఆ దారిన రాలేదు. జామీను నిలబడాలంటే ఇంటి పన్ను రశీదు ఉన్న ఇద్దరు స్థానికులు కావాలి; అతనికి ఊళ్లో తెలిసినవాడు బట్టీ మేస్త్రీ ఒక్కడే, ఆ మేస్త్రీ సీజను అయిపోగానే వెళ్లిపోయాడు. మెజిస్ట్రేటు విచారించే కేసులో సాక్ష్యం కోసం పెట్టిన మొదటి తేదీ నుంచి 60 రోజుల్లో విచారణ పూర్తి కాకపోతే, కస్టడీలో ఉన్న ముద్దాయికి మామూలుగా బెయిలు ఇవ్వాలని అప్పటి క్రిమినల్ ప్రొసీజర్ కోడులోని 437వ సెక్షను ఆరో ఉపవిభాగం చెప్పేది. కాని సాక్ష్యానికి తేదీ పడాలంటే ముందు అభియోగం చదివి వినిపించాలి, అభియోగం చదవాలంటే ముద్దాయిని జైలు నుంచి తీసుకురావాలి, తీసుకురావాలంటే ఎస్కార్టు పోలీసులు ఉండాలి. వాయిదా రోజున ఎస్కార్టు లేదని జైలు నుంచి కాగితం వచ్చేది. ఒకసారి పండగ బందోబస్తు, ఒకసారి ఎన్నికల విధి, ఒకసారి పర్యటన. ఆ 60 రోజుల లెక్క మొదలుపెట్టవలసిన తేదీ అసలు రానే లేదు.

పదకొండో నెలలో జిల్లా జడ్జి గారి కార్యాలయం నుంచి ఒక కవరు వచ్చింది. లోపల ఒక పోస్టుకార్డు, దానికి జత చేసి ‘నివేదిక పంపవలసినది’ అని ఒక కాగితం. కార్డు రాసినవాడు ఆ కుర్రవాడు కాదు, అదే జైల్లో కొట్లాట కేసులో ఉన్న మరో రిమాండు ఖైదీ. పెన్సిలుతో, వంకర అక్షరాలతో, తెలుగులో రాశాడు. తన కేసు సంగతి కాదనీ, తన పక్కన పడుకునే పిల్లవాడికి తెలుగు రాదనీ, ఎప్పుడు ఏ కోర్టుకు పోవాలో అతనికి ఎవరూ చెప్పడం లేదనీ, రాత్రిళ్లు ఏడుస్తున్నాడనీ దాని సారాంశం. మెజిస్ట్రేటు గారు కట్ట తెమ్మన్నారు. విప్పితే, ప్రతి వాయిదాకు ఏం జరిగిందో రాసే డాకెట్ షీటు మీద వరుసగా ఒకే మాట కనిపించింది: ‘ముద్దాయిని హాజరు పరచలేదు, ఎస్కార్టు లేదు, ఫలానా తేదీకి పిలుచుట’. అన్నీ నా దస్తూరీ. నెలకు కనీసం ఒకసారి నేను ఆ మాట రాశాను, ఒక్కసారి కూడా పై పేజీ తిప్పి కిందటిసారి ఏం రాశానో చూడలేదు. రోజుకు 80, 90 కట్టలు బల్ల మీదికి వచ్చే చోట తిప్పి చూసే తీరిక లేదన్నది నిజమే. అయినా ఆ రోజు ఆ అక్షరాలు చూసి పడ్డ బాధ ఇప్పటికీ తగ్గలేదు.

ఆ తర్వాత కేసు మూడు వారాల్లో ముగిసింది. న్యాయ సహాయం కింద వకీలును పెట్టారు, ఒడియా తెలిసిన రైల్వే ఉద్యోగి ఒకాయన వచ్చి దుబాసీగా కూర్చున్నారు, ముద్దాయిని తప్పక తీసుకురావలసిందిగా జిల్లా పోలీసు అధికారికి మెజిస్ట్రేటు గారే రాశారు. మోటారు యజమాని తాను దొంగను చూడలేదన్నాడు, పంచనామా సాక్షులు పోలీసు స్టేషనులో సంతకం పెట్టామన్నారు. కేసు కొట్టేశారు. ఏడాదికి దగ్గరగా ఆ కుర్రవాడు జైల్లో ఉన్నది ఈ మూడు వారాల పని జరగకపోవడం వల్ల.

ఆ కార్డు వచ్చిన రోజున, ‘ఇది నీ కేసు కాదు, నీకు అడిగే అర్హత లేదు’ అని జిల్లా జడ్జి గారు దాన్ని పక్కన పడేసి ఉంటే చట్టప్రకారం తప్పు పట్టేవారు ఎవరూ లేరు. అందుకే, అడిగే అర్హత గురించి ఎవరు మాట్లాడినా ముందుగా ఆ పెన్సిలు అక్షరాలే నా కళ్ల ముందుకు వస్తాయి.

ఇది నా ఒక్కడి అనుభవం నుంచి పుట్టిన వాదన కాదు. మన దేశంలో త్వరిత విచారణ హక్కు పుట్టుకే మూడో మనిషి అడగడం వల్ల జరిగింది. 1979 జనవరిలో కె.ఎఫ్.రుస్తుంజీ అనే పోలీసు ఉన్నతాధికారి బీహారు జైళ్లలో విచారణ ఖైదీల స్థితి గురించి ఇండియన్ ఎక్స్‌ప్రెస్‌లో రాశారు. అది చదివిన న్యాయవాది పుష్పా కపిలా హింగోరాణీ ఆ ఖైదీల కోసం సుప్రీంకోర్టులో హెబియస్ కార్పస్ పిటిషను, అంటే నిర్బంధంలో ఉన్నవారిని కోర్టు ముందుకు తెమ్మని కోరే పిటిషను, వేశారు. నేరం రుజువైతే పడే గరిష్ఠ శిక్ష కన్నా ఎక్కువ కాలం విచారణ లేకుండా జైల్లో గడిపినవారు వారిలో ఉన్నారు. హుస్సేనారా ఖాతూన్ పేరుతో ఆ కేసు ప్రసిద్ధమైంది. త్వరిత విచారణ రాజ్యాంగం 21వ అధికరణం ఇచ్చే జీవించే హక్కులో భాగమని జస్టిస్ పి.ఎన్.భగవతి నాయకత్వంలోని ధర్మాసనం 1979 మార్చిలో తేల్చి చెప్పింది. ఆ తర్వాత రెండేళ్లకే, సంతాల్ పరగణాల్లోని పాకూర్ సబ్‌జైల్లో ఏళ్ల తరబడి విచారణ లేకుండా ఉన్న నలుగురు పహాడియా గిరిజన యువకుల గురించి సామాజిక పరిశోధకురాలు వసుధా ధగంవార్ రాసిన ఉత్తరాన్నే సుప్రీంకోర్టు పిటిషనుగా తీసుకుంది. అంతకు ముందు తీహార్ జైల్లో ఉన్న సునీల్ బాత్రా, ప్రేమ్‌చంద్ అనే తోటి ఖైదీని జైలు సిబ్బంది హింసించిన సంగతి ఒక న్యాయమూర్తికి ఉత్తరం రాస్తే, జస్టిస్ కృష్ణయ్యర్ ధర్మాసనం దాన్ని విచారణకు స్వీకరించింది. నేను చూసిన పోస్టుకార్డుకు ఆ ఉత్తరం పెద్దన్న. వీరిలో ఎవరినీ ‘నీకేం సంబంధం’ అని కోర్టు వెనక్కి పంపలేదు. పంపి ఉంటే, ఈ రోజు ముద్దాయిల తరఫు వకీళ్లు అలవాటుగా ఉదహరించే త్వరిత విచారణ హక్కు ఆ రూపంలో ఉండేది కాదు.

అయితే ఇదే న్యాయవ్యవస్థ తలుపు వేసిన సందర్భాలు కూడా ఉన్నాయి, వాటిలోనూ న్యాయం ఉంది. మాజీ సైన్యాధిపతి జనరల్ వైద్య హత్య కేసులో ఉరిశిక్ష పడిన ఇద్దరి తరఫున రాజకీయ నాయకుడు సిమ్రన్‌జీత్ సింగ్ మాన్ పిటిషను వేస్తే, శిక్ష పడినవారు తాము అడగకుండా, వారికి అడగలేని అశక్తత ఏదీ లేకుండా, కేసుతో సంబంధం లేని పరాయివాడు ఆ శిక్షను ప్రశ్నించడానికి వీల్లేదని 1992లో సుప్రీంకోర్టు చెప్పింది. అదే ఏడాది బోఫోర్స్ ఫిరంగుల ముడుపుల వ్యవహారంలో జనతాదళ్ కేసు తీర్పు కూడా, క్రిమినల్ కేసు మధ్యలోకి సంబంధం లేనివారు ప్రజాప్రయోజనం పేరుతో రావడాన్ని ఒప్పుకోలేదు. ఈ తీర్పులు చదివి కొందరు, క్రిమినల్ కేసుల్లో మూడోవాడి మాట అసలు చెల్లదనుకుంటారు. నేను అలా అనుకోను. మాన్ అడిగింది తీర్పును మార్చమని. హింగోరాణీ అడిగింది విచారణ జరపమని. ఈ రెంటికీ ఉన్న తేడా ఎంత చిన్నగా కనిపించినా, నా దృష్టిలో మొత్తం ప్రశ్నకు జవాబు ఆ తేడాలోనే ఉంది: విచారణ సాగించమని ఎవరైనా అడగవచ్చు, విచారణ ఎలా ముగియాలో పరాయివాడు అడగకూడదు.

దీని అర్థం కొంచెం విడమరచి చెప్పాలి. ఆలస్యమైందని చెప్పి కేసునే కొట్టేయమనే హక్కు ముద్దాయి ఒక్కడిది. ఆ హక్కును మూడోవాడికి ఇస్తే, డబ్బున్న ముద్దాయి తన అనుచరుడి చేత ప్రజాప్రయోజన పిటిషను వేయించి, తాను సాగదీసిన కేసు నుంచి తానే బయటపడగలడు. బెయిలు రద్దు చేయమనడం, కేసును ఫలానా రాష్ట్రానికి మార్చమనడం, ఫలానా జడ్జి వద్దనడం కూడా పరాయివాడు అడగకూడనివే. ఎందుకంటే అవి ఆలస్యాన్ని తగ్గించే కోర్కెలు కావు, కేసు మొగ్గు మార్చే కోర్కెలు. ప్రత్యర్థి మీది కేసు ఎన్నికల లోపు తేలాలన్న తొందరలో ముద్దాయికి సాక్షులను అడ్డసవాలు చేయడానికి వ్యవధి కూడా ఇవ్వకుండా పరుగెత్తించడం న్యాయం కాదు. కక్షలున్న పల్లెల నుంచి వచ్చే కేసుల్లో అవతలి వర్గం వారు, తమ మీది కేసు నిద్రపోతున్నా పట్టించుకోకుండా, ఇవతలి వర్గం మీది కేసు మాత్రం రేపే తేల్చమని తిరగడం నేను చాలాసార్లు చూశాను.

నేరంలో నష్టపోయినవారి సంగతి వేరు. వారు మూడో మనుషులు కారు. ఉత్తరప్రదేశ్‌లోని లఖీంపూర్ ఖీరీలో రైతుల మృతి కేసులో 2022 ఏప్రిల్‌లో, అప్పటి ప్రధాన న్యాయమూర్తి ఎన్.వి.రమణ నేతృత్వంలోని ధర్మాసనం, బాధితులకు దర్యాప్తు దశ నుంచి అప్పీలు ముగిసేదాకా ప్రతి దశలోనూ తమ మాట వినిపించుకునే హక్కు ఉందని చెప్పింది. కొడుకును పోగొట్టుకున్న తల్లి పదేళ్లు వాయిదాలకు తిరుగుతుంటే, ఆ ఆలస్యం గురించి అడగడానికి ఆమె ఎవరి అనుమతీ కోరనక్కర్లేదు.

ఇక ఏ కోర్టు వినాలన్న సంగతి. దీనికి తెలుగువారే అయిన జస్టిస్ బి.పి.జీవన్‌రెడ్డి 1991 డిసెంబరులో అంతులే కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తరఫున రాసిన తీర్పులో స్పష్టమైన దారి ఉంది. త్వరిత విచారణ హక్కు దర్యాప్తు మొదలుకొని అప్పీలు, రివిజను దాకా అన్ని దశలకూ వర్తిస్తుందని ఆ తీర్పు చెప్పింది. ఆలస్యానికి ఎవరు బాధ్యులో ముందు చూడాలంది. ముఖ్యంగా, ఇలాంటి అభ్యంతరం మొదట హైకోర్టు ముందుకే వెళ్లాలనీ, హైకోర్టు దాన్ని స్వీకరించినా అసాధారణమైన సందర్భంలో తప్ప కింది కోర్టు విచారణను నిలిపివేయకూడదనీ, ఆ పిటిషనును త్వరగా తేల్చాలనీ నిర్దేశించింది. ఈ చివరి రెండు మాటలూ ఆచరణలో ఎంత విలువైనవో కింది కోర్టులో పనిచేసినవారికి తెలుస్తుంది. ఆలస్యం మీద వేసిన పిటిషనే స్టేగా మారి, ఆ స్టే మరో నాలుగేళ్ల ఆలస్యమైన కట్టలు మా బీరువాల్లో ఉండేవి. వాటి మీద ‘హైకోర్టు స్టే’ అని ఒక చీటీ అంటించి, ప్రతి వాయిదాకీ ‘స్టే కొనసాగుచున్నది’ అని రాసేవాళ్లం. ఆ స్టే నిజంగా కొనసాగుతోందా, తీసేశారా అని కనుక్కోవడం ఎవరి పనో ఎవరికీ తెలిసేది కాదు.

ఇన్నేళ్లలో తేలకపోతే కేసు మూసేయాలని కోర్టులే గడువులు పెట్టే ప్రయత్నం కూడా జరిగింది. 1996లో కామన్ కాజ్ కేసులోనూ, ఆ తర్వాత రాజ్‌దేవ్ శర్మ కేసులోనూ అలాంటి గడువులు పెట్టారు. 2002 ఏప్రిల్‌లో పి.రామచంద్రరావు కేసులో ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం వాటిని తోసిపుచ్చి, అంతులే తీర్పు చూపిన దారే సరైనదంది. తిరిగి 2024 ఫిబ్రవరి 29న అలహాబాదు హైకోర్టు బార్ అసోసియేషను కేసులో అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం, స్టే ఉత్తర్వులు ఆరు నెలలకు వాటంతటవే రద్దవుతాయన్న 2018 నాటి తీర్పును పక్కన పెట్టింది. అంతేకాదు, వేరే కోర్టుల్లో ఉన్న కేసులను ఇన్ని నెలల్లో తేల్చమని రాజ్యాంగ న్యాయస్థానాలు, అంటే హైకోర్టులూ సుప్రీంకోర్టూ, మామూలుగా ఆదేశించకూడదనీ, ఏ కేసుకు ముందు వరుస ఇవ్వాలో అక్కడి పరిస్థితి తెలిసిన ఆ కోర్టుకే వదలాలనీ, అసాధారణ పరిస్థితుల్లోనే అలాంటి గడువు పెట్టాలనీ చెప్పింది.

ఈ తీర్పు వచ్చినప్పుడు, పైకోర్టులు ఆలస్యం నుంచి చేతులు దులుపుకున్నాయని కొందరు బాధపడ్డారు. నాకు అలా అనిపించలేదు. ‘ఆరు నెలల్లో తేల్చండి’ అని హైకోర్టు నుంచి ఉత్తర్వు వచ్చిన కట్ట మీద మేము ఎర్ర సిరాతో గడువు తేదీ రాసి బల్ల మీద అన్నిటికన్నా పైన పెట్టేవాళ్లం. జడ్జి గారికి ఉన్నది ఆ రోజున అయిదున్నర గంటల సమయం, ఒకే ఒక్క ప్రభుత్వ వకీలు. ఎర్ర సిరా కట్టకు ఒక పూట పోతే, ఆ పూటకు పిలిచిన నలుగురు సాక్షులు తిరిగి ఊరికి బస్సెక్కాలి. వాళ్లలో ఒకరు కూలి మానుకుని వచ్చినవారై ఉంటారు, వచ్చే వాయిదాకు రాకపోవచ్చు, అప్పుడు ఆ కేసు ఇంకా వెనక్కి పోతుంది. హైకోర్టు దాకా పోగల స్తోమత ఉన్నవాడు తన కేసును ముందుకు జరుపుకున్నాడంటే, పోలేనివాడి కేసు అంతమేర వెనక్కి జరిగిందన్నమాట. ఎస్కార్టు లేక జైల్లో ఉన్న ఆ ఒడియా కుర్రవాడి కట్ట మీద ఎర్ర సిరా ఎన్నడూ పడలేదు.

అందువల్ల హైకోర్టు వినవలసింది ఒక్కొక్క కేసుకు తేదీ పెట్టడానికి కాదు, ఒకే కారణంతో ఆగిపోయిన కేసులన్నిటినీ కదపడానికి. హైకోర్టుకు 227వ అధికరణం కింద తన పరిధిలోని కోర్టులన్నిటి మీదా పర్యవేక్షణాధికారం ఉంది, 235వ అధికరణం కింద జిల్లా కోర్టుల మీద అజమాయిషీ ఉంది. ఎస్కార్టు లేక ఎన్ని కేసుల్లో అభియోగం ఖరారు కాలేదు, ఫోరెన్సిక్ నివేదిక రాక ఎన్ని ఆగాయి, ప్రభుత్వ వకీలు లేక ఎన్ని వాయిదా పడ్డాయి అన్న లెక్క అడిగి తెప్పించుకోగలిగేది ఆ ఒక్క కోర్టే. ప్రజాప్రతినిధుల మీది కేసుల విషయంలో సుప్రీంకోర్టు 2023 నవంబరు 9న చేసింది ఇదే. పిటిషను వేసిన న్యాయవాది అశ్వినీకుమార్ ఉపాధ్యాయకు ఆ కేసుల్లో దేనితోనూ స్వంత సంబంధం లేదు. అయినా కోర్టు ఆయన పిటిషను విన్నది, కాని ఇన్ని నెలల్లో తేల్చండని తాను గడువు పెట్టలేదు. ప్రతి హైకోర్టూ తనంతట తానే ఒక కేసు నమోదు చేసుకుని ప్రత్యేక ధర్మాసనం ద్వారా పర్యవేక్షించాలనీ, ఉరిశిక్ష లేదా యావజ్జీవం పడగల కేసులకు ముందు వరుస, ఆ తర్వాత అయిదేళ్లూ అంతకు మించిన శిక్ష పడగల వాటికి ఇవ్వాలనీ, అరుదైన కారణం ఉంటే తప్ప వాయిదాలు ఇవ్వకూడదనీ చెప్పింది. అడిగినవాడు పరాయివాడైనా అడిగిన పద్ధతి సరైనదైతే కోర్టు ఎలా స్పందించవచ్చో దీనిలో ఉంది. ఎమ్మెల్యేల కేసులకు దొరికిన ఈ పర్యవేక్షణ, పంపుసెట్టు దొంగతనం కేసులో రిమాండులో ఉన్నవాడికి ఎందుకు దొరకకూడదు?

ఈ ప్రశ్న ఊరికే వేయడం లేదు. 2022 చివరి నాటి జాతీయ నేర రికార్డుల బ్యూరో జైలు గణాంకాల ప్రకారం దేశంలోని 5,73,220 మంది ఖైదీల్లో 4,34,302 మంది విచారణ ఖైదీలే. నూటికి 75 మందికి పైగా నేరం రుజువు కానివారు. వీరిలో వకీలును పెట్టుకుని తన ఆలస్యం గురించి తానే హైకోర్టులో అడగగలిగినవారు ఎందరుంటారో జైలు గేటు దగ్గర ఒక పూట నిలబడితే తెలుస్తుంది.

పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడు స్థానంలో 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహితలో 479వ సెక్షను కొంత మేలు చేసింది. గరిష్ఠ శిక్షలో సగం కాలం జైల్లో గడిపినవారికి, ముందెన్నడూ శిక్ష పడనివారైతే మూడో వంతు గడిపితేనే, విడుదల దారి చూపింది. ఉరి, యావజ్జీవ శిక్షలు పడగల నేరాలకు ఇది వర్తించదు. ఆ కాలం పూర్తయిన ఖైదీ గురించి కోర్టుకు రాతపూర్వకంగా తెలపవలసిన బాధ్యత జైలు సూపరింటెండెంటు మీద పెట్టింది. ఇది పాత కేసుల్లోని ఖైదీలకూ వర్తిస్తుందని 2024 ఆగస్టులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. గమనిస్తే, జైలు సూపరింటెండెంటు కూడా ఆ కేసులో మూడో మనిషే. ఆలస్యం గురించి ఖైదీ నోరు విప్పక ముందే వేరొకరు కోర్టుకు చెప్పాలన్న సూత్రాన్ని పార్లమెంటే ఒప్పుకుంది.

కాని అదే సెక్షనులో రెండో ఉపవిభాగం ఒక పెద్ద చిక్కు తెచ్చింది. ఒకటికి మించిన నేరాల్లో, లేదా కేసుల్లో దర్యాప్తు గాని విచారణ గాని పెండింగులో ఉన్నవాడికి ఈ విడుదల వర్తించదు. దొంగతనం కేసులో దొరికిన పేదవాడి మీద, ఆ చుట్టుపక్కల తేలకుండా ఉన్న మరో నాలుగైదు కేసులు చూపడం నా ఉద్యోగకాలమంతా మామూలుగా చూశాను. అప్పుడు జరిగేది ఇది: ఒక జైల్లో ఉన్నవాణ్ణి మరో కోర్టు కేసుకు తేవాలంటే పి.టి. వారెంటు పంపాలి. వారెంటు చేరేసరికి ఈ కోర్టు వాయిదా దాటిపోతుంది, లేదా అదే రోజు మరో కోర్టులో వాయిదా ఉంటుంది. ‘ముద్దాయి వేరొక కేసులో రిమాండులో ఉన్నాడు’ అని ఇక్కడ రాస్తాం, అక్కడా అదే రాస్తారు. ఈ కేసు ఆ కేసు కోసం, ఆ కేసు ఈ కేసు కోసం ఆగుతాయి. అతను బెయిలు అడిగిన కోర్టు తన ముందున్న కట్ట ఒక్కటే చూస్తే, మిగతా కేసులు పెండింగులో ఉన్నాయి కనుక వీల్లేదంటుంది. ఆ మిగతావి ఎందుకు పెండింగులో ఉన్నాయో చూడడం తన పని కాదంటుంది. ఇక్కడ నేను అడిగేది ఇంకా గట్టి మాట. ముద్దాయి స్వేచ్ఛను ఒక కేసులోని ఆలస్యం కాక, అతని వేరే కేసుల్లోని ఆలస్యం హరిస్తున్నప్పుడు, బెయిలు వినే కోర్టు ఆ కేసుల డాకెట్ షీట్లు కూడా తెప్పించుకుని చూడాలి. ఈ-కోర్టుల వ్యవస్థ వచ్చాక ఏ కోర్టులో ఏ వాయిదా ఎందుకు పడిందో కంప్యూటరు ముందు కూర్చుంటే కనిపిస్తుంది, కట్టలు మోయనక్కర్లేదు.

అలాగని, ఒక బెయిలు పిటిషను వింటున్న హైకోర్టు న్యాయమూర్తి అదే ఊపులో రాష్ట్రంలోని కోర్టులన్నిటి ఆలస్యాల మీదా ఉత్తర్వులు ఇస్తూ పోవడం సరికాదు. ఏ న్యాయమూర్తి ఏ రకం కేసు వినాలో నిర్ణయించేది ప్రధాన న్యాయమూర్తి. తన దృష్టికి వచ్చిన ఆలస్యం ఒక్క కేసుది కాదనిపిస్తే, ఆ న్యాయమూర్తి కాగితాలను ప్రధాన న్యాయమూర్తి ముందు పెట్టమనవచ్చు, అక్కడి నుంచి అది ప్రజాప్రయోజన వ్యాజ్యంగా నడవాలి.

మరొక్క జాగ్రత్త చాలా అవసరమనుకుంటున్నాను. మూడో మనిషి వేసిన పిటిషను నడుస్తుండగా, ఎవరి కోసం అది వేశారో వారిని అందరూ మరచిపోయే ప్రమాదం ఉంది. జైళ్లలో ఉన్న పిల్లల కోసం పాత్రికేయురాలు షీలా బార్సే సుప్రీంకోర్టులో వేసిన పిటిషనే సాగిసాగి, విసిగి ఆమె దాన్ని ఉపసంహరించుకుంటానన్నారు. 1988లో కోర్టు ఒప్పుకోలేదు. పిటిషనుదారుగా ఆమెను తప్పించి, ఆ కేసును న్యాయ సహాయ కమిటీ ద్వారా కొనసాగించింది. ఇలాంటి వ్యాజ్యం వేసినవారి సొంతం కాదనీ, ఎవరి మేలు కోసం వేశారో వారిదే ముందు హక్కనీ ఆ తీర్పు సారాంశం. ఆమె విసుగులో నిజం ఉంది, కోర్టు మాటలోనూ నిజం ఉంది. నాకు దాన్నుంచి తోచేది ఏమంటే, ఒకరి ఆలస్యం గురించి ఇంకొకరు అడిగిన ప్రతిసారీ, హైకోర్టు మొదటి నోటీసు ఆ ఖైదీకే వెళ్లాలి. జైల్లో అతనికి వచ్చిన భాషలో, ఉచిత న్యాయ సహాయం చూసే న్యాయసేవాధికార సంస్థ మనిషి దగ్గర కూర్చుని, నీ తరఫున ఫలానావారు ఇలా అడిగారు, నీకు ఇష్టమేనా, నీ వకీలు ఎవరు అని అడిగి, సంతకమో వేలిముద్రో తీసుకుని పంపాలి. వద్దంటే అతని కేసు వరకు అక్కడితో ఆపాలి. ముద్దాయి ధనవంతుడై, బయటే ఉండి, తానే వాయిదాలు కోరుతున్న కేసైతే అతని ఇష్టాయిష్టాలతో పనిలేదు, అప్పుడు చూడవలసింది బాధితుల ఇష్టం.

రెండు హైకోర్టులకూ నా మనవి ఇంతే. జిల్లా జడ్జి అధ్యక్షులుగా, కలెక్టరు, పోలీసు సూపరింటెండెంటు సభ్యులుగా ప్రతి జిల్లాలో విచారణ ఖైదీల సమీక్ష కమిటీ ఇప్పటికే ఉంది. ఆ కమిటీ ముందు పెట్టే జాబితాలో ఎంతకాలం జైల్లో ఉన్నాడన్న గడి ఒక్కటే చాలదు, చివరి నాలుగు వాయిదాలు ఏ కారణంతో పడ్డాయన్న గడి కూడా చేర్చాలి. అది నింపడం బెంచి గుమాస్తాకు కేసుకు రెండు నిమిషాల పని. వరుసగా నాలుగుసార్లు అదే కారణం పడితే ఆ కాగితం తప్పనిసరిగా హైకోర్టుకు పోవాలి. తోటి ఖైదీ గాని, బట్టీ మేస్త్రీ గాని, ఊరి పంతులు గాని రాసిన ఉత్తరం జిల్లా న్యాయసేవాధికార సంస్థకు చేరితే దానికి ఒక నంబరు వేసి, రాసినవారికి ఆ నంబరు తెలియజేయాలి. నేను చూసిన ఆ పోస్టుకార్డుకు నంబరు లేదు. నివేదిక పంపాక దాన్ని కట్టలో చివరి కాగితంగా కుట్టేశాం. రాసినవాడికి దాని ఫలితం ఏమైందో ఎవరూ చెప్పలేదు, చెప్పాలని నాకూ తోచలేదు.

ఇట్లు,
ఒక విశ్రాంత బెంచి గుమాస్తా
(పేరు, ఊరు ప్రచురించవద్దని మనవి)